డిక్కీ కింద చిన్న పేరు

భవాని లెక్కల నోటుపుస్తకం చివరి పేజీలో ఇలా రాసి ఉంది:

కారు టాపు కోసి కిందికి దించాలి.
ఇంజను బయటికి కనపడేలా పెట్టాలి.
వెనక చక్రాలు పెద్దవి చెయ్యాలి. అమ్మని పాత చెప్పులు అడగాలి.
సైలెన్సరు గొట్టాలకి అయిపోయిన రీఫిళ్ళు పోగెయ్యాలి.
తాతయ్యతో బొమ్మలు వేయించాలి.
కీర్తికి చెప్పకూడదు.
అన్నీ ఇరవయ్యో తారీఖు లోపల.

"ఏంటే ఇది?" అంది కీర్తి, భవాని భుజం మీంచి తొంగిచూస్తూ. "టాపు కొయ్యడమేంటి? మీ ఇంట్లో కారెక్కడిదే కొయ్యడానికి?"

భవాని పుస్తకం చటుక్కున మూసింది. కానీ చెప్పకూడదనుకున్న మనిషి చదవనే చదివేసింది.

అప్పుడే మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. కొత్తపేట హైస్కూల్లో ఏడో తరగతి పిల్లలంతా పళ్ళాలు పట్టుకుని వరండాలోకి పరిగెత్తారు. కీర్తి మాత్రం కదల్లేదు. చెప్పేదాకా వదలదు కూడా.

"బొమ్మ కారులే," అంది భవాని. "మా నాన్న పంపించేరు. ముక్కలు ముక్కలుగా ఉంటది. మనమే అతికించుకోవాలి."

"అతికించుకునేదాన్ని కొయ్యడం దేనికి?"

"షో రాడ్ చెయ్యడానికి. అంటే రోడ్డు మీద తోలే కారు కాదు. జనం చూడ్డానికి మాత్రమే చేసే కారు. టాపు బాగా కిందికి, వెనక చక్రాలు ఇంతింత, ఇంజను బయటికి."

"తోలడానికి పనికిరాని కారెందుకే?" అని కీర్తి పకపకా నవ్వింది.

"పెళ్ళిలో సెట్టింగు వేస్తారు కదా. అందులో ఎవరైనా కాపరం ఉంటారేంటి?" అంది భవాని.

కీర్తి నవ్వు ఆపి మూతి ముడుచుకుంది.

భవాని వాళ్ళ నాన్న సాయిబాబు మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. అక్కడి యజమాని కొడుకు సగం విప్పి విసుగొచ్చి వదిలేసిన కిట్ అది. అసలు కారుని ఇరవై ఐదో వంతుకి కుదించి, ప్లాస్టిక్‌తో చేసిన ముక్కలు. ఊరికి వస్తున్న తెలిసినవాళ్ళ చేతికిచ్చి పంపాడు. పెట్టెలో వెనక చక్రాలు లేవు. కానీ షో రాడ్‌ల ఫొటోలున్న ఒక చిన్న పుస్తకం ఉంది. ఆ పుస్తకం భవాని ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

ఇరవయ్యో తారీఖున అమలాపురంలో జిల్లా పిల్లల చేతిపనుల ప్రదర్శన ఉంది. "మీ చేతులతో మీరు చేసినదే పట్టుకురావాలి," అని ప్రసాద్ మాస్టారు చెప్పారు. ఆయన పూర్తి పేరు నాగదుర్గాప్రసాద్. అంత పేరు పిలిచే ఓపిక స్కూల్లో ఎవరికీ లేదు.

*

భవాని తాతయ్య రామ్మూర్తి నలభై ఏళ్ళు మండపేటలో లారీలకి రంగులు వేశాడు. రైసు మిల్లుల లారీలు ఆయన చేతిమీదుగా పెళ్ళికూతుళ్ళలా ముస్తాబై బయటికి వెళ్ళేవి. తలుపుల మీద తామరపువ్వులు, నెత్తిమీద రెండు చిలకలు, వెనక గోదావరి మీద తెరచాప పడవ.

తరవాత స్టిక్కర్లు వచ్చాయి. మూడు రోజుల పని మూడు గంటల్లో అయిపోవడం మొదలైంది. ఆ బెంగ చాలదన్నట్టు ఆయన కళ్ళకి నీటికాసులు వచ్చాయి. కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపుని తినేసే జబ్బు అది. ఒకసారి పోయిన చూపు మళ్ళీ రాదని డాక్టరుగారు చెప్పేశారు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడి కంటితో చూస్తే గొట్టంలోంచి చూసినట్టుంటుంది. ఎదురుగా ఉన్నది కనిపిస్తుంది, పక్కన ఏముందో తెలియదు.

అప్పటినుంచి ఆయన కూతురు సరోజిని దగ్గరే, అంటే భవాని వాళ్ళింట్లోనే ఉంటున్నాడు. రెండేళ్ళుగా కుంచె ముట్టలేదు. రోజూ వీధి అరుగు మీద కూర్చుని, రోడ్డు మీద వెళ్ళే లారీల చప్పుడు వింటూ ఉంటాడు. ఎవరైనా పలకరిస్తే "ఆయ్" అంటాడు. లేకపోతే అదీ ఉండదు.

"తాతయ్యా, నా కారుకి బొమ్మలేస్తావా?" అని భవాని అడిగింది.

"కన్నులేనోడి చేత బొమ్మలేయిస్తావేంటమ్మా? పాడైపోద్ది."

"ఒక కన్నుందిగా."

"ముందు నీ పని నువ్వు కానివ్వు. చూద్దాం," అన్నాడు.

భవాని పది రోజులు పని చేసింది. హాక్సా బ్లేడు ముక్కతో టాపు స్తంభాలు కోసింది. మొదటిసారి వంకరగా తెగితే ఏడుపొచ్చింది. తాతయ్య ఆ అంచు వేలితో తడిమి, "పుట్టీ పెట్టు. ఆరేక ఎమరీ కాగితంతో రుద్దు. వేలికి ఏమీ తగలకపోతే కంటికీ తగలదు," అన్నాడు. హవాయి చెప్పుల రబ్బరు గుండ్రంగా కోసి వెనక చక్రాలు చేసింది. రీఫిళ్ళకి చాక్లెట్ల వెండి కాగితం చుట్టి సైలెన్సరు గొట్టాలు పెట్టింది.

ఇక రంగులు మిగిలాయి. పుస్తకంలోని కార్లన్నిటికీ ముందువైపు ఎర్రటి మంటలు ఉన్నాయి.

"తాతయ్యా, ఇలాగ మంటలు కావాలి."

"బండి మీద మంటలా!" తాతయ్య ఉలిక్కిపడ్డాడు. "ఎవడేయిస్తాడే? కోరి తగలబెట్టుకున్నట్టు! ఓనరు చూస్తే నన్ను రోడ్డు మీద పరిగెత్తిస్తాడు."

"ఓనర్ని నేనే తాతయ్యా."

"అయితే నువ్వే పరిగెత్తించు. మంటలు మాత్రం వెయ్యను."

లోపల బ్లౌజు కుడుతున్న సరోజిని మిషను ఆపి మరీ నవ్వింది. ఆ ఇంట్లో అందరూ కలిసి నవ్వింది ఆ ఒక్కసారే. తరవాత చాలా రోజులు ఆ ఇల్లు నవ్వలేదు.

పొద్దుట వెలుతురు బాగున్నప్పుడు, భవాని స్కూలుకి వెళ్ళాక, తాతయ్య రంగులు వేశాడు. నాలుగు రోజులు పట్టింది. ఐదోనాడు సాయంత్రం కారు చూసి భవాని గుమ్మంలోనే ఆగిపోయింది. బానెట్టు మీంచి మంటలే వెనక్కి ఎగసిపడుతున్నట్టుంది. దగ్గరికెళ్ళి చూస్తే అవి మంటలు కావు, చిలక తోకలు. ఆకుపచ్చ ఈకలు, చివర ఎరుపు. తలుపుల మీద వేలిగోరంత తామరపువ్వులు. వెనక డిక్కీ మూత మీద తెరచాప పడవ.

డిక్కీ కింద నువ్వుగింజలంత నల్లటి అక్షరాలు ఉన్నాయి. భవాని కళ్ళు చికిలించి చదివింది. రామ్మూర్తి, మండపేట.

"ఇదెందుకు తాతయ్యా?"

"పెయింటర్ పేరమ్మా. ఏ బండికైనా ఓ మూల రాసుకుంటాం. ఓనరు పేరు పైన పెద్దగా ఉంటది. మనది కింద ఇంతే. ఎవడూ చదవడు. అయినా ఉండాలి." ఆయన ఆ అక్షరాల పక్కన వేలు ఆనించాడు. "నేను రాసిన బళ్ళన్నీ తుక్కులోకి పోయేయి. కొన్నిటి మీద స్టిక్కర్లు అంటించేసేరు. నా పేరున్న బండి ఇప్పుడు ఇదొక్కటే."

*

రెండు రోజుల తరవాత తాతయ్య కుడి కన్ను నిప్పులా ఎర్రబడింది. తల పగిలిపోతోందన్నాడు. వాంతులు మొదలయ్యాయి. సరోజిని భవానిని పక్కింటి సత్తెమ్మ మామ్మకి అప్పగించి, ఆయన్ని కాకినాడ తీసుకెళ్ళింది.

మర్నాడు భవాని ప్రసాద్ మాస్టారికి చూపిద్దామని కారు స్కూలుకి పట్టుకెళ్ళింది. మాస్టారు ఇంకా రాలేదు. పిల్లలంతా మూగారు.

"అబ్బ, ఎంత బాగుందే!"

"ఈ చక్రాలు చెప్పులా? నిజంగా చెప్పులేనా?"

కీర్తి కారు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. డిక్కీ కింద ఆగింది. "రామ్మూర్తి, మండపేట," అని గట్టిగా చదివింది. "ఇది మీ తాతగారి పేరు కదే? అయితే చేసింది నువ్వు కాదన్నమాట!"

"బొమ్మలు మాత్రమే తాతయ్య వేసేరు. మిగతాదంతా నేనే."

"ఆహా! ఈ పేరు చూస్తే అమలాపురంలో గుమ్మంలోంచే పంపించేస్తారు. మీ చేతులతో చేసిందే తేవాలన్నారుగా మాస్టారు."

ఇంతలో మాస్టారు వచ్చారు. కీర్తి తన చోట్లో కూర్చుంది. భవాని ఒక్క మాట అడిగితే సరిపోయేది. "మాస్టారండీ, సాయం తీసుకుంటే తప్పాండీ?" అంతే. ఆ మాట గొంతుదాకా వచ్చింది. తప్పేనంటే ఏం చెయ్యాలో తెలియక భవాని దాన్ని మింగేసింది. కారు సంచిలో పెట్టేసింది. మాస్టారికి చూపించనే లేదు.

సాయంత్రం ఇంటికొచ్చి కారు ముందేసుకుని కూర్చుంది. ఇంట్లో ఎవరూ లేరు.

పేరు చెరిపేస్తే సరి, అనుకుంది. ఎలాగూ చిన్న అక్షరాలే. ప్రైజు వచ్చాక తాతయ్యతో మళ్ళీ రాయించుకోవచ్చు.

ఆ ఇంట్లో చేతికి రంగంటినా, గచ్చు మీద రంగొలికినా మందు ఒకటే, థిన్నర్. రేకు మీదైనా, చెక్క మీదైనా ఒక్క తుడుపుకి రంగు పోతుంది. లారీ పెయింటరు మనవరాలికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? తాతయ్య పెట్టెలోంచి సీసా తీసి, గుడ్డ తడిపి, డిక్కీ కింద రుద్దింది.

అక్షరాలు నల్లటి మరకలా అలుక్కుపోయాయి. ఇంకోసారి రుద్దింది. ఈసారి గుడ్డ కదల్లేదు. అతుక్కుపోయింది.

భవాని గుడ్డ లాగింది. దానితోపాటు ప్లాస్టిక్ కూడా తీగలా సాగి వచ్చింది.

కంగారుగా బొటనవేలితో అదిమింది. డిక్కీ లోపలికి కుంగిపోయింది. పడవ తెరచాప చిరిగినట్టు పక్కకి జారింది. నీళ్ళు పోసింది. ఊదింది. ఏం చేసినా ఆగలేదు. కాసేపటికి అంతా గట్టిపడింది. రామ్మూర్తి, మండపేట అని ఉన్నచోట గుంట పడింది. ఆ గుంటలో భవాని వేలిముద్ర ఉంది.

*

నాలుగో రోజు మధ్యాహ్నం వాళ్ళిద్దరూ కాకినాడ నుంచి వచ్చారు. ఆటో దిగాక అమ్మ తాతయ్య చెయ్యి పట్టుకుని నడిపించింది. మెట్టు దగ్గర ఆయన ఆగిపోయి, దాన్ని కాలితో వెతుక్కున్నాడు. రోజూ ఎక్కే మెట్టే అది.

"నొప్పి తగ్గిందే," అంది అమ్మ. "చూపు మాత్రం..." చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ రాయించుకోవచ్చు అనుకున్న మాట గుర్తొచ్చి భవాని కారుని గబగబా సంచిలో దాచేసింది.

"బుజ్జమ్మా," అన్నాడు తాతయ్య అరుగు మీద కూర్చుని. "కారేదమ్మా? ఓసారి నా చేతిలో పెట్టు."

"బాగానే ఉంది తాతయ్యా. తరవాత ఇస్తాలే."

"ఇయ్యమ్మా. చూడ్డానికి నాకింక చేతులే కదా."

ఇవ్వక తప్పలేదు. ఆయన వేళ్ళు టాపు మీదుగా నెమ్మదిగా నడిచాయి. ఇంజను తడిమాయి. చెప్పుల చక్రాలు తిప్పి చూశాయి. తామరపువ్వు దగ్గర కాసేపు ఆగాయి. తరవాత వెనక్కి వెళ్ళాయి.

డిక్కీ కింద ఆగిపోయాయి.

ఆయన ఆ గుంటలో వేలు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"థిన్నర్ పెట్టేవా?"

భవాని తల ఊపింది, అది ఆయనకి కనపడదని మరిచిపోయి.

"ఇది ప్లాస్టిక్ కదాని నేను ముందే చూసేనమ్మా. మిగిలిపోయిన ముక్క మీద ఓ చుక్కేస్తే పాకంలా అయిపోయింది. అందుకే టర్పెంటైన్‌తో కానిచ్చేను. నువ్వు స్కూల్లో ఉన్నావు. నీకూ చెప్పాల్సింది. నాదే తప్పు."

ఆయన తిట్టినా బాగుండేది. తప్పు ఆయనే నెత్తిన వేసుకుంటుంటే భవాని వినలేకపోయింది. "మళ్ళీ రాద్దువుగాని తాతయ్యా," అంది. అన్నాక తెలిసింది ఏమందో.

"ఎలా రాయనమ్మా?" అన్నాడాయన. అరుగు మీదికి ఎండ పాకింది. కళ్ళలో పడుతున్నా ఆయన ముఖం పక్కకి తిప్పుకోలేదు. "నా పేరు నీకు అడ్డమొచ్చిందా?"

తాతయ్య కారు జాగ్రత్తగా ఆమె చేతుల్లో పెట్టేశాడు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు అన్నం తినలేదు. రోడ్డు మీద లారీలు పోతున్నా తల ఎత్తలేదు.

భవాని సన్న కుంచె తీసి ఆ గుంటలో పేరు రాయబోయింది. 'రా' అనే అక్షరమే వానపాములా మెలికలు తిరిగింది. తాతయ్యకి ఆ చెయ్యి నలభై ఏళ్ళు కష్టపడితే వచ్చింది. ఒక్కరోజులో ఎలా వస్తుంది?

*

మర్నాడు భవాని కారు పట్టుకుని ప్రసాద్ మాస్టారి దగ్గరికి వెళ్ళింది. జరిగిందంతా చెప్పింది. చెప్తూ చెప్తూ వెక్కిళ్ళు పెట్టింది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. బీరువాలోంచి ప్రదర్శన ఫారం తీసి చూపించారు. అందులో ఒక గడి ఉంది. 'సహాయం చేసినవారి పేరు' అని ఉంది దాని మీద.

"అడిగితే చెప్పేవాణ్ణి కదమ్మా," అన్నారాయన మెల్లగా.

భవాని ఆ గడిని వేలితో తడిమింది. ఒక్క మాట అడక్కపోవడం వల్ల ఎంత పోయింది!

"పంపించడం మానేద్దామా?" అని అడిగారు మాస్టారు.

భవాని తల అడ్డంగా ఊపింది. "పట్టుకెళ్తానండి. కానీ ప్రైజుకి కాదండి."

ఇరవయ్యో తారీఖు పొద్దున్నే పిల్లల్ని అమలాపురం బస్సెక్కించారు. "నువ్వూ రా తాతయ్యా," అని భవాని బతిమాలింది. "నాకేం కనపడుద్దనమ్మా?" అన్నాడాయన. రాలేదు.

హాల్లో బల్లలు వరసగా వేశారు. కీర్తి కొబ్బరిచిప్పతో దీపం చేసింది. కీర్తి బల్ల భవాని బల్ల పక్కనే. కారు వెనకవైపు చూసి కీర్తి ముఖం మాడిపోయింది.

"నేనన్నానని చెరిపేవా? ఊరికే అన్నానే. నిజంగా చెరిపేస్తావనుకోలేదు." గొంతు తగ్గించి, "పోనీ ఆ వైపు గోడకి తిప్పి పెట్టవే. ముందునుంచి చూస్తే ఎంత బాగుందో. ఎవరికీ తెలీదు," అంది.

భవాని కారుని తిప్పింది. బానెట్టు గోడవైపు పెట్టింది. చిలక తోకలు, బయటికొచ్చిన ఇంజను అటు వెళ్ళిపోయాయి. కుంగిపోయిన డిక్కీ జనం వైపు వచ్చింది.

"పిచ్చా నీకు?" అంది కీర్తి.

మొదట ఒక పెద్దాయన, ఆయన మనవడు వచ్చారు. "ఇదేంటమ్మా, వెనక కాలిపోయిందా?" అని అడిగారు.

"కాలిపోలేదండి. నేనే పాడుచేసేనండి," అంది భవాని. "ఈ కారు కోసి అతికించింది నేనండి. బొమ్మలేసింది మా తాతయ్యండి. రామ్మూర్తి గారు, మండపేట పెయింటరు. ఇక్కడ ఆయన పేరుండేదండి. నేనే చెరిపేసేనండి."

పెద్దాయన ఏమనాలో తెలియక "అలాగామ్మా" అని పక్క బల్లకి వెళ్ళిపోయారు. తరవాత వచ్చినవాళ్ళకి భవాని మళ్ళీ అదే చెప్పింది. ఆ తరవాతవాళ్ళకీ చెప్పింది. కొందరు నవ్వారు. కొందరు మధ్యలోనే వెళ్ళిపోయారు. ఒకావిడ "పాపం" అంది.

మార్కులు వేసే మేడంగారు వచ్చి కారుని అన్నివైపులా చూశారు. "పని బాగుందమ్మా. బొమ్మలకి మార్కులు వెయ్యలేను, అవి నీవి కాదు కదా. పాడైనదానికి తగ్గించాలి కూడా."

"ఆయ్ అండి. ఆ బొమ్మలు రామ్మూర్తి గారివండి," అంది భవాని.

ప్రైజు రాలేదు. కీర్తి దీపానికి మూడోది వచ్చింది.

సాయంత్రానికి హాలు ఖాళీ అయింది. చీపురు పట్టుకుని ఒకావిడ బల్లల కింద ఊడ్చుకుంటూ వచ్చింది. అందరూ ఆవిణ్ణి అచ్చాయమ్మా అని పిలుస్తున్నారు. పొద్దుటినుంచి ఆ హాల్లోనే ఉన్నా, ఆవిడకి ఏ బల్ల ముందూ నిలబడే తీరిక దొరకలేదు.

"ఇంకా ఎల్లలేదేటమ్మా? ఇదేంటి, బొమ్మ లారీయా?"

భవాని గొంతు అప్పటికే బొంగురుపోయింది. అయినా మొదటినుంచి చెప్పింది. కోసింది, అతికించింది, బొమ్మలు, పేరు, థిన్నర్. ఒక్కటీ వదల్లేదు.

అచ్చాయమ్మ చీపురు బల్లకి ఆనించి, వంగి ఆ గుంటలోకి చూసింది.

"ఏం పేరన్నావు?"

"రామ్మూర్తి గారండి. మండపేట."

"రామ్మూర్తి గారు," అంది అచ్చాయమ్మ నెమ్మదిగా. "సరేనమ్మా. గుర్తెట్టుకుంటాను."

పిల్లలూ, ఆ పేరు ఇప్పుడు ఏ బండి మీదా లేదు. రాసిన చెయ్యి ఇంక రాయలేదు. భవాని ఒక్కత్తీ ఎంతమందికని చెప్తుంది? మీరూ ఒకసారి ఆ పేరు పైకి అనండి. రామ్మూర్తి, మండపేట. దయచేసి గుర్తుపెట్టుకోండి.